కార్డు పోలేదు, దుబాసి లేడు

‘పోవు’ అనే క్రియకు మన భాషలో ఎన్ని అర్థాలున్నవో చెప్పలేము. కరెంటు పోయింది, పరువు పోయింది, చూపు పోయింది, ప్రాణం పోయింది. వీటిలో కొన్ని తిరిగి వచ్చేవి, కొన్ని రానివి. మాట మాత్రం ఒక్కటే. ఈ కాలంలో వీటి సరసన మరొకటి వచ్చి చేరింది: “కార్డు పోయిందండీ.”

కంప్యూటరు అంతర్జాలానికి తగులుకోకపోతే దుకాణంలో మొట్టమొదట వినిపించే వాక్యం ఇదే. ఈ ఒక్క మాట చాటున కనీసం ఆరు వేరువేరు స్థితులు దాగి ఉంటాయనీ, వాటిలో నిజంగా పోవడం ఒక్కటేననీ నాకు ఈ మధ్యనే తెలియవచ్చింది. నేను యంత్రశాస్త్రం చదివినవాడను కాను. బడిలో సంధులూ సమాసాలూ చెప్పుకొని పదవీ విరమణ చేసినవాడను. అయినా సంగతులను విడదీసి, దేనికి తగిన పేరు దానికి పెట్టి చూడటం మా విద్యలోనూ ఉన్నదే కదా. ఆ ధైర్యంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తెలిసిన చదువరులు చిన్న విషయమని నవ్వుకున్నా, తెలియనివారికి పనికి రావచ్చును.

మా ఊరి పఠనమందిరంలో రెండు యంత్రాలున్నవి. ఒకటి బల్ల కింద పెట్టే పాత పెట్టె. రెండవది ఒక దాత ఇచ్చిన వాడిన ల్యాప్‌టాపు. ఆ పెట్టెలో మందిరంలోని సుమారు రెండు వందల పాత పుస్తకాల ఛాయాప్రతులు ఉన్నవి. వాటి మూలాలలో సగానికి పైగా చెదల పాలయినవి. అంటే కొన్ని గ్రంథాలకు ఆ డిస్కు తప్ప వేరే ఉనికి లేదు. మొన్నటి వానాకాలంలో పిడుగు పడి ఆ పెట్టె నెట్‌వర్కు పోర్టూ, యూఎస్‌బీ పోర్టులూ మాడిపోయాయి. పాత రకం గుండ్రటి పిన్ను కీబోర్డు కావడం వల్ల అది ఒక్కటే మిగిలింది. యంత్రం తిరుగుతున్నది, తెర వెలుగుతున్నది, పుస్తకాలు లోపల ఉన్నవి; బయటికి వచ్చే దారి మాత్రం లేదు. డిస్కు చాలా పాతది. దానిని ఊడదీసి కదిలించడానికి గ్రంథపాలకుడు ఒప్పుకోలేదు, నాకూ మనసు రాలేదు.

పాత సామాను అమ్మే చోట ఒక పీసీఐ నెట్‌వర్కు కార్డు కొని తెచ్చి బిగించారు. ఫలితం లేదు. చూడటానికి వచ్చిన దుకాణం కుర్రవాడు, “మాస్టారూ, ఈ కార్డు కూడా పోయిందండి. ఇంత పాతవాటికి డ్రైవర్లు దొరకవు. ఫార్మాట్ కొట్టి కొత్తది ఎక్కించేస్తాను, కానీ లోపలివి ఉండవు మరి” అన్నాడు.

“లోపలివి ఉండకపోతే ఇక ఆ పెట్టె మాకెందుకు నాయనా?” అన్నాను. అతడు మంచివాడు. నొచ్చుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ పెట్టెలో ఉన్న నిర్వాహక వ్యవస్థ ఫ్రీబీఎస్‌డీ. యూనిక్స్ వంశంలో బర్క్‌లీ విశ్వవిద్యాలయపు శాఖకు చెందినది. 1993లో మొదటి సంచిక వెలువడింది. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి కొన్నేళ్ళ క్రితం దానిని ఎక్కించి, యంత్రానికి ఉన్న కొద్ది జ్ఞాపకశక్తి వృథా కాకుండా అవసరం లేనివన్నీ తీసివేసి కెర్నెలును సన్నగా కట్టి ఇచ్చాడు. ఇప్పుడతడు విదేశంలో ఉన్నాడు. ఫోనులో ఒక్క మాటే చెప్పాడు: “మాస్టారూ, మీరు వ్యాకరణం చదివినవాళ్ళు. మాన్యువల్ పేజీలు చదవండి, అర్థమవుతాయి.” గురువుకు శిష్యుడు పాఠం అప్పగించడమంటే ఇదే. చదివాను.

మొదట ‘డ్రైవరు’ అనే మాటను గురించి. మన అంతర్జాల మిత్రులు దీనికి ‘చోదకం’ అని పేరు పెట్టారు. మాట అందమైనదే గాని, అది చేసే పని బండి తోలడం కాదు. కెర్నెలుకు ఒక భాష వచ్చు: “ఈ పొట్లాన్ని పంపు, వచ్చిన పొట్లాన్ని అందుకో” అనేంత వరకే. కార్డుకు మరొక భాష వచ్చు: ఫలానా గదిలో ఫలానా అంకె వేస్తే మేలుకొంటాను, ఫలానా గదిలో ఫలానా అంకె కనిపిస్తే పొట్లం వచ్చిందని అర్థం, అని. ఒకరి మాట ఒకరికి తెలియదు. మధ్య నిలిచి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేవాడు కావాలి. కుంపిణీ కాలంలో చెన్నపట్నంలో అటువంటివారిని దుబాసి అనేవారు. ద్విభాషి అన్న మాటే వాడుకలో అలా అయినది. డ్రైవరు అంటే దుబాసి. దుబాసి లేని సభలో ఎంతటి విద్వాంసుడైనా మూగవాడే. అంత మాత్రాన ఆయన పోయినట్లు కాదు.

ఇక ఆ మూగవాడు ఎవరో కనుక్కోవడం ఎలా? ఇక్కడ యంత్రనిర్మాతలు ఒక మంచి మర్యాద ఏర్పరిచారు. పీసీఐ కార్డు ప్రతిదానిలోనూ రెండు సంఖ్యలు చెక్కి ఉంటాయి. మొదటిది తయారుచేసిన సంస్థది, రెండవది ఆ వస్తువుది. డ్రైవరు ఉన్నా లేకపోయినా, అడిగితే ఆ రెండూ చెప్పి తీరుతుంది. గోత్రప్రవరలు చెప్పినట్లన్న మాట. ఇంటెల్ సంస్థ సంఖ్య 8086. అది 1978లో ఆ సంస్థ విడుదల చేసిన ప్రసిద్ధమైన ప్రాసెసరు పేరు. తమ కీర్తికి కారణమైనదానిని గోత్రంగా నిలుపుకున్నారు. ఈ సంఖ్యలు పదహారు అంకెల లెక్కలో ఉంటాయి కనుక తొమ్మిది తరువాత ఏ, బీ, సీ అని అక్షరాలూ వస్తాయి.

ఫ్రీబీఎస్‌డీలో ఈ ప్రవర వినిపించే ఆజ్ఞ పేరు పీసీఐకాన్ఫ్. దానిని నడపగా జాబితాలో మా కార్డు కనిపించింది. సంస్థ సంఖ్య 10ఈసీ, అంటే రియల్‌టెక్. వస్తువు సంఖ్య 8139. ఆ వరుస మొదట్లో, పేరు ఉండవలసిన చోట, ‘నన్0’ అని ఉన్నది. దుబాసి కుదరని పరికరాలకు ఫ్రీబీఎస్‌డీ ఇచ్చే పేరు అది. తెలుగులో చెప్పాలంటే అనామకుడు. నిజంగా కాలిపోయిన కార్డు సాధారణంగా ఈ జాబితాలో కనిపించనే కనిపించదు. ఇది కనిపించింది, ఊరూ పేరూ చెప్పింది, మాట్లాడించేవాడే లేడు. సన్నగా కట్టిన కెర్నెలులో పాత పోర్టుకు కావలసిన దుబాసిని మాత్రమే ఉంచారు. పిడుగు పడి కార్డు మారుతుందని అప్పుడు ఎవరు ఊహిస్తారు?

దీనికోసం కెర్నెలును మళ్ళీ కట్టనక్కరలేదు. దుబాసీలు వేరువేరు మాడ్యూళ్ళుగా డిస్కులోనే ఉంటారు. కావలసినవానిని పిలిచే ఆజ్ఞ కేఎల్‌డీలోడ్. 8139 జాతి కార్డుకు కావలసిన మాడ్యూలు పేరు ఐఎఫ్_ఆర్ఎల్. పిలిచిన వెంటనే తెర మీద మూడు నాలుగు వరుసలు పడ్డాయి. కార్డు తన నలభై ఎనిమిది బిట్ల ఈథర్‌నెట్ చిరునామా చెప్పింది. ‘నన్0’ ఉన్న చోట ‘ఆర్ఎల్0’ వచ్చింది. వెనుక చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. ప్రతి ఉదయం మళ్ళీ పిలవనవసరం లేకుండా బూట్ డైరెక్టరీలోని లోడర్ డాట్ కాన్ఫ్ అనే ఫైలులో ఆ మాడ్యూలు పేరుకు ‘ఎస్’ అని ఒక్క వరుస రాసి ఉంచితే చాలును.

ఈ నామకరణం దగ్గర కొంచెం ఆగాలి. నాకు ఎక్కువ ముచ్చట వేసినది ఇదే. ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీలలో నెట్‌వర్కు కార్డుకు పేరు దాని డ్రైవరును బట్టి వస్తుంది. రియల్‌టెక్ కార్డు ఆర్ఎల్0, అటువంటిదే రెండవది ఉంటే ఆర్ఎల్1. అంటే ముందు ఇంటిపేరు, తరువాత సొంత పేరు. మన తెలుగువారి పద్ధతే! ఇందులో మరొక సౌలభ్యం ఉన్నది. ఇంటిపేరు తెలిస్తే చాలు, మాన్యువల్ నాలుగవ భాగంలో ఆ పేరుతోనే ఒక పేజీ ఉంటుంది. అందులో ఆ దుబాసికి తెలిసిన కార్డులు, అతడి పరిమితులు, రాసినవారి పేరు అన్నీ దొరుకుతాయి. పేరే చరిత్రకు దారి చూపుతుంది.

లైనక్సులో చాలాకాలం వరుస పేర్లు నడిచాయి. మొదట కనబడినది ఈటీహెచ్0, తరువాతిది ఈటీహెచ్1. పెద్దబ్బాయి, చిన్నబ్బాయి అన్నట్లు. ఒక్క కార్డు ఉన్నంత వరకు ఇబ్బంది లేదు. రెండు ఉంటే, ఏది ముందు మేలుకొంటుందో చెప్పలేము కనుక ఒక రోజు పెద్దవాడైనది మరునాడు చిన్నవాడు కావచ్చును. ఈ చిక్కు తీర్చడానికి 2013లో సిస్టమ్‌డీ 197వ సంచికతో స్థలాన్ని బట్టి పెట్టే పేర్లు వచ్చాయి. ఈఎన్‌పీ3ఎస్0 అంటే ఈథర్‌నెట్, మూడవ బస్సు, సున్నా స్లాటు అని అర్థం. ఇది ఇంటి నంబరుతో మనిషిని పిలవడం. మారదు, నిజమే, మనిషి ఎవరో మాత్రం చెప్పదు. వంశం, వరుస, స్థలం: లోకంలో పేర్లు పెట్టే పద్ధతులు ఈ మూడే కదా. యంత్రాలు పెట్టుకున్నవారికీ నాలుగవది దొరకలేదు.

ఆ మాన్యువల్ పేజీ ప్రకారం ఆర్ఎల్ డ్రైవరును రాసినవాడు బిల్ పాల్. 1998లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 3.0లో అది మొదట కనిపించింది. 8139 చాలా చవక చిప్పు. సెకనుకు నూరు మెగాబిట్లు పంపగలదు గాని, చవకకు తగిన పట్టింపులు దానికి ఉన్నవి. బయటికి పంపే పొట్లం జ్ఞాపకంలో సరిగ్గా నాలుగు బైట్ల హద్దు మీదనే మొదలు కావాలి. అలా లేకపోతే పంపదు. కందపద్యంలో ప్రతి గణమూ నాలుగు మాత్రలకే తెగాలన్నంత కచ్చితమైన నియమం ఇది. పై నుంచి వచ్చే పొట్లాలకు ఈ ఛందస్సు తెలియదు. అందుచేత హద్దు తప్పిన ప్రతి పొట్లాన్నీ డ్రైవరు వేరొక చోట నియమం ప్రకారం తిరిగి రాసి, ఆ ప్రతిని కార్డు చేతికి ఇస్తుంది. యంత్రంలోని కొరతను దుబాసి తన ఓపికతో పూరిస్తున్నాడన్న మాట. అందువల్ల ప్రాసెసరుకు పని పెరుగుతుంది. అది కూడా ఆ పేజీలో లోపాల శీర్షిక కింద దాచకుండా రాశారు.

ఇక చిరునామా. పుస్తకాలు ఇచ్చే యంత్రం కనుక దాని చిరునామా రోజుకొకటి కాకూడదు. ఈటీసీలోని ఆర్‌సీ డాట్ కాన్ఫ్ ఫైలులో, ఐఎఫ్‌కాన్ఫిగ్_ఆర్ఎల్0 అనే పేరు ఎదుట 192.168.1.10 అనే చిరునామా, 255.255.255.0 అనే ముసుగు రాశాను. 192.168తో మొదలయ్యేవి ఇంటి లోపలి వాడకానికి 1996లోనే ప్రత్యేకించిన చిరునామాలు. ఊరందరూ వాడుకోవచ్చు, ఒకరితో ఒకరికి తగవు రాదు. తరువాత నెట్‌ఇఫ్ సేవను మళ్ళీ మొదలుపెట్టగా పెట్టె పలికింది.

ఇప్పుడు ఆ ఆరు స్థితులు చెప్పవచ్చును. జాబితాలో కార్డే కనిపించకపోతే, స్లాటు మార్చి చూసినా కనిపించకపోతే, అది పోయినట్లే అనుకోవచ్చు. కనిపించి అనామకంగా ఉంటే డ్రైవరు లేదు. డ్రైవరు ఉండి పని మొదలుపెట్టకపోతే, ముందు చెప్పబోయే ఫర్మ్‌వేర్ లేకపోయి ఉండవచ్చును. పేరు ఉండి, స్థితి దగ్గర ‘నో క్యారియర్’ అని ఉంటే తీగ ఊడింది, లేక అవతలి పెట్టె ఆగింది. ‘యాక్టివ్’ అని ఉండి చిరునామా లేకపోతే రూటరు ఇవ్వలేదు, లేక మనం రాయలేదు. చిరునామా ఉండి, అంకెలతో పిలిస్తే పలికి పేర్లతో పిలిస్తే పలకకపోతే, పేర్లకు అర్థం చెప్పే నిఘంటువు, అంటే డీఎన్ఎస్, దొరకలేదు. ఈ ఆరింటినీ ‘పోయింది’ అనే ఒకే మాటతో చెబితే చికిత్స కూడా ఒకటే అవుతుంది: పారవేయడం.

ల్యాప్‌టాపు కథ మరొక విధమైనది. అందులో ఉన్నది 2021లో వచ్చిన డెబియన్ 11. తీగ లేని కార్డు. ఎల్ఎస్‌పీసీఐ అనే ఆజ్ఞకు ఎన్ఎన్‌కే అనే మూడక్షరాలు తగిలిస్తే కార్డు ప్రవరతో పాటు దాని డ్రైవరు పేరూ చెబుతుంది. ఇక్కడ డ్రైవరు ఉన్నది, కూర్చునే ఉన్నది. కాని కెర్నెలు దినచర్యలో ‘ఫర్మ్‌వేర్ దొరకలేదు, −2’ అనే అర్థం వచ్చే వరుస ఒకటి ఉన్నది. యూనిక్స్ సంప్రదాయంలో ఆ రెండు అంకెకు అర్థం, అడిగిన ఫైలు లేదని. ఇటువంటి కార్డు లోపల ఒక చిన్న ప్రాసెసరు ఉంటుంది. కరెంటు తీయగానే అది అన్నీ మరచిపోతుంది. లేచిన ప్రతిసారీ దాని పాఠం దానికి అప్పగించాలి. ఆ పాఠమే ఫర్మ్‌వేర్. తయారీదారులు దానిని అంకెల ముద్దగా ఇస్తారే తప్ప, చదివి సవరించుకునే రూపంలో ఇవ్వరు. స్వేచ్ఛా నియమం గట్టిగా పాటించే డెబియన్ ఆ కాలంలో అటువంటి ముద్దలను తన ప్రధాన సంచికలో చేర్చేది కాదు.

మరి ఆ ఫైలు ఎక్కడున్నది? అంతర్జాలంలో. అంతర్జాలం కావాలంటే ఏం కావాలి? ఆ ఫైలు. పెళ్ళి అయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు! దీనికి ఉపాయం జేబులోనే ఉన్నది. చేతి ఫోనును యూఎస్‌బీ తీగతో తగిలించి, అందులో టెథరింగ్ అనే మీట నొక్కితే ఫోనే ఒక నెట్‌వర్కు కార్డుగా కనిపిస్తుంది. ఈ రకానికి కావలసిన దుబాసి లైనక్సులో ముందే ఉంటాడు. ఆ దారిన వెళ్ళి, డెబియన్ మూలాల జాబితాలో స్వేచ్ఛేతర విభాగాన్ని చేర్చి, ఫర్మ్‌వేర్ పొట్లాన్ని దింపి, డ్రైవరును ఒకసారి తీసి మళ్ళీ పిలిస్తే పని అయిపోయింది. ఈ ఇబ్బంది అందరిదీ కనుకనే 2022లో డెబియన్ సభ్యులు ఓట్లు వేసుకొని నియమం సడలించారు. 2023లో వచ్చిన 12వ సంచిక నుంచి అటువంటి ఫర్మ్‌వేర్ స్థాపకంలోనే కలిసి వస్తున్నది.

నియమం సడలించడం మంచిదా కాదా అన్న చర్చ ఇప్పటికీ ఉన్నది. ఓపెన్‌బీఎస్‌డీవారు 2006 మేలో తమ 3.9 సంచికను మూలం చూపని డ్రైవరు ముద్దలకు నిరసనగానే వెలువరించారు. వారి వాదం నాకు అర్థమవుతున్నది. అర్థం చెప్పని మంత్రాన్ని వల్లించు అంటే, పండితుడైనవాడు అర్థమేమిటని అడగక మానడు. కాని ఎదురుగా చదువుకోవడానికి వచ్చిన పిల్ల కూర్చుని ఉంటే, ముందు దీపం వెలిగించి తరువాత వాదించుకోవచ్చుననిపిస్తుంది.

తయారీదారు వివరాలు చెప్పనప్పుడు దుబాసి ఎలా పుడతాడన్నది నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి. దీనికి లోకవిదితమైన ఉదాహరణ పాతతరం బ్రాడ్‌కామ్ తీగరహిత చిప్పులది. వాటికి లైనక్స్ డ్రైవరు రాయడానికి కావలసిన వివరణ బహిరంగంగా లేదు. అప్పుడు కొందరు ఔత్సాహికులు రెండు జట్లయ్యారు. ఒక జట్టు, ఉన్న డ్రైవరు ముద్దను విప్పి చూసి, చిప్పు ఏ మాటకు ఎలా బదులిస్తుందో గమనించి, ఆ ప్రవర్తనను మాత్రం నియమాలుగా రాసింది. రెండవ జట్టు ఆ ముద్ద జోలికి పోకుండా, ఆ నియమాలు మాత్రమే చదివి కొత్త డ్రైవరు రాసింది. ఒకరి రచనను కాపీ చేశారన్న మాట రాకుండా ఈ కట్టుదిట్టం. అలా పుట్టిన డ్రైవరు 2006 జూన్‌లో లైనక్స్ 2.6.17లో చేరింది. దాని తరువాతి రూపం బీ43 పేరుతో 2008 జనవరిలో వచ్చింది. ఇటలీలోని బ్రెస్చా విశ్వవిద్యాలయంవారు ఆ చిప్పులలో కొన్నింటికి ఫర్మ్‌వేరు కూడా స్వేచ్ఛగా రాసి ఇచ్చారు. 2010 సెప్టెంబరులో ఆ సంస్థే తన కొత్త చిప్పులకు మూలంతో సహా డ్రైవరు విడుదల చేసింది.

ఇది చదివినప్పుడు నాకు మా వ్యాకరణ విద్య గుర్తుకు వచ్చింది. భాషను తయారుచేసినవాడెవరూ వచ్చి నియమావళి చేతికి ఇవ్వలేదు. లక్ష్యం ముందు, లక్షణం తరువాత. చిన్నయసూరి కవుల ప్రయోగాలు చూసి బాలవ్యాకరణం కూర్చాడు. అందులో మిగిలినవాటిని బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణంలో చేర్చాడు. ప్రయోగం చూసి సూత్రం కట్టడం, సూత్రానికి అందనిది దొరికితే శేషం రాయడం. ఆ డ్రైవరు రాసినవారు చేసిన పని ఇదే. వారిని ఇంజనీర్లనండి, నేను వైయాకరణులంటాను.

ప్రస్తుతం పెట్టెలోని పుస్తకాలన్నీ ల్యాప్‌టాపులోకీ, ఇంకొక చోటికీ ప్రతులుగా చేరాయి. గ్రూప్స్ పరీక్షకు చదువుకునే ఒక అమ్మాయి రోజూ సాయంత్రం వచ్చి ఆ ల్యాప్‌టాపు ముందు కూర్చుంటున్నది. దుకాణం కుర్రవాడు కూడా ఒక ఆదివారం వచ్చి, “ఆ నన్0 ఎక్కడ చూశారో నాకూ చూపించండి మాస్టారూ” అన్నాడు. చూపించాను. చెప్పించుకున్నవాటినన్నిటినీ పుస్తకంలో రాసుకున్నాడు.

మన పూర్వకవులు ఆశ్వాసం చివర గద్యలో తమ పేరు, తండ్రి పేరు చెప్పుకునేవారు. ఆ పద్ధతిలోనే రెండు యంత్రాల అడుగునా ఒక్కొక్క కాగితం అతికించాను: కార్డు సంఖ్యలు, డ్రైవరు పేరు, ఫర్మ్‌వేర్ పొట్లం పేరు, మార్చిన ఫైళ్ళు, తేదీ. నా తరువాత ఎవరు విప్పినా ముందు ఆ కాగితం చదువుతారు. మీ ఇంట్లో పాత యంత్రమేదైనా ఉంటే ఈ రోజే దాని సంఖ్యలు అడిగి రాసి పెట్టుకోండి. పలుకుతున్నప్పుడు అడగడం తేలిక.